పలకా? కలపా?



ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం రెండు నెలలుగా మా బల్ల మీదనే ఉన్నది. ఆమె కుమారునికి పేపరులో వచ్చే గళ్ళ నుడికట్టు పిచ్చి పట్టిందట. ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి రాగానే అన్నం కూడా ముట్టకుండా పెన్సిలు పట్టుకొని కూర్చుంటున్నాడట. ఆమె బాధ అది కాదు. "అందులోని ఆధారాలు నేనూ చదివి చూచినాను. పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి దాచడమే ఆ ఆట. ఇది మోసపు మాట కాదా? మన పిల్లలు దీన్ని నేర్చుకోవచ్చునా?" అని అడిగింది.

జవాబుకు ఇంత ఆలస్యం ఎందుకైనదో ముందుకు పోయిన కొద్దీ తెలుస్తుంది. అందులో మా తప్పు ఒకటి ఉన్నది.

ముందుగా, ఈ ఆట ఎరుగని వారి కోసం రెండు మాటలు. గళ్ళ నుడికట్టులో అడ్డం, నిలువు అని ఆధారాలు ఉంటాయి. "శరీరంలో ఒక భాగం (3)" అంటే అది మామూలు ఆధారం. అందులో కష్టం తక్కువ, సరదా అంతకంటే తక్కువ. రెండో రకం వేరు. అందులో అర్థం ఒక కొనన ఉంటుంది, మాటను కట్టుకొనే దారి మరొక కొనన ఉంటుంది, రెండూ కలిసి పైకి ఒక మామూలు వాక్యంలాగా కనబడతాయి. ఉదాహరణకు, "గోపురం శిఖరం కూలితే మిగిలేది ఊరు (2)". మా మెదక్‌లో ఈ ఆధారం చదివితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మా దేవాలయపు గోపురం సుమారు 175 అడుగులు. అది కూలుటేమి! కాని ఇక్కడ కూలింది రాళ్ళు కాదు, అక్షరం. 'గోపురం'లో తలమీది 'గో' తీసివేయండి. పురం. ఊరే గదా.

మరొకటి, పిల్లలకు చాలా ఇష్టమైనది: "చేస్తే తప్పు, అంటే జాలి (2)". పాపం! ఇందులో కోత లేదు, తిప్పుట లేదు. ఒకే మాటకు రెండు ముఖాలు, అంతే. ఇదే వరుసలో మా అయ్యగారిని నవ్వించినది ఒకటున్నది: "పాస్టరుగారు వివరించేది, తెలుగు సారు విడగొట్టేది (2)". వాక్యం.

మేము ఈ ఆధారాలు విప్పుకొనేది శనివారం సాయంత్రం ఐదు దాటిన తరువాత, ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద. ఆయన ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుడు. ఊరిలో సగం మంది ఆయన శిష్యులే గనుక అందరికీ ఆయన 'పెద్ద సారు'. నీటికాసుల జబ్బుతో రెండు కండ్లూ పోయి తొమ్మిదేండ్లయింది. పక్కన ఒక రిటైరైన నర్సమ్మ కాగితం పట్టుకొని ఆధారాలు చదువుతుంది. తపాలా శాఖలో పనిచేసి వచ్చిన అన్నగారొకరు నిఘంటువు మోసుకొని వస్తారు. మేము ఉంటాము. యౌవనస్థులు ఒకరిద్దరు వస్తూ పోతూ ఉంటారు. చాయి ఎప్పుడూ పెద్ద సారు కోడలు పెడుతుంది. మేము మాటలతో కొట్లాడుకుంటుంటే ఆ అమ్మ లోపలి నుంచి జవాబు చెప్పేసిన రోజులూ ఉన్నాయి.

పెద్ద సారు గళ్ళను చూడరు. వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకుంటారు. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం, మొత్తం ఇరవై ఆరే. తెలుగులో గడికి గుణింతంతో, ఒత్తుతో కూడిన అక్షరం. 'స్త్రీ' అనే అంత బరువైన మాటకు ఒకే గడి చాలు. అందుచేత అడ్డం మాట, నిలువు మాట కలిసే చోట 'క' ఉంటే 'కి' పనికి రాదు, 'క్క' పనికి రాదు. కూర్చేవానికి ఇది పెద్ద ఇరకాటం. విప్పేవానికి మాత్రం ఒక్క అక్షరం దొరికితే సగం మాట దొరికినట్టే. పొల్లు హల్లు వస్తే ఇక తగవే. మా ఊరి పేరే చూడండి. మె, ద, క్. ఆ చివరి పొల్లుకు ఒక గడి ఇయ్యవలెనా, లేక 'ద' ఒళ్ళోనే కూర్చోబెట్టవలెనా? తపాలా అన్నగారు ఇయ్యాలంటారు, నర్సమ్మ వద్దంటుంది. ఈ తగవు మా అరుగు మీద నాలుగేండ్లుగా నడుస్తున్నది. తీరదు.

ఊరి పేరు వచ్చింది గనుక ఒక మాట. మెతుకు సీమ అన్న పాత పేరు మీద పెద్ద సారు కట్టిన ఆధారం ఇది: "వెతుకు, తొలి అడుగు మారింది, కంచంలో దొరికింది (3)". 'వె' మారి 'మె' అయితే మెతుకు. అన్నగారి సంచిలోని పాత నోటుబుక్కులో ఇంకొకటున్నది: "నా పేరు మీద జిల్లా ఉంది, కలెక్టరు మాత్రం సంగారెడ్డిలో కూర్చుంటాడు (3)". ఒకప్పుడు ఇది చక్కని ఆధారం. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసి మెదక్‌నే జిల్లా కేంద్రం చేసినప్పుడు ఆ ఆధారం చచ్చిపోయింది. అన్నగారు దాన్ని కొట్టివేయలేదు, పక్కన తేదీ వేసి ఉంచినారు.

ఇప్పుడు సహోదరి ప్రశ్నకు వద్దాము. మాట దాచుట మోసమా?

దాచిన మాటలు పరిశుద్ధ గ్రంథములోనే ఉన్నాయి. యిర్మీయా 25వ అధ్యాయం 26వ వచనంలో షేషకు రాజు అని ఒక పేరు వస్తుంది. షేషకు ఎక్కడి దేశం? పటంలో వెదికితే కనబడదు. హెబ్రీ అక్షరాలు ఇరవై రెండు. మొదటి అక్షరానికి బదులు చివరిది, రెండవ దానికి బదులు చివరి నుంచి రెండవది, ఇట్లా తిప్పి వ్రాసే పద్ధతి ఒకటుండేది. బబులోను పేరులోని అక్షరాలను ఆ లెక్కన మార్చితే వచ్చేదే షేషకు. 51వ అధ్యాయం 41వ వచనంలోనైతే రెండు పేర్లూ ఒక్క వచనంలోనే పక్కపక్కన ఉన్నాయి. ఇంతకంటె స్పష్టమైన గళ్ళ నుడికట్టు జవాబు ఏముంటుంది? 119వ కీర్తన సంగతి చాలామందికి తెలిసినదే. ఇరవై రెండు భాగాలు, భాగానికి ఎనిమిది వచనాలు, ఒక్కొక్క భాగంలోని వచనాలన్నీ వరుసగా ఒక్కొక్క హెబ్రీ అక్షరంతో మొదలవుతాయి. మన భాషలో చదివితే ఆ కట్టుబాటు కనబడదు.

మన తెలుగువారికి మాత్రం ఇది కొత్తనా? పొడుపు కథలు వేసుకోని పల్లె లేదు. అవధానంలో సమస్యనిచ్చి పూరించమంటారు, నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివారు పూనుకొని తెలుగులో ఈ గళ్ళను కూర్చినారు. గళ్ళ ఆకారం మాత్రమే పైనుంచి వచ్చింది. 1913 డిసెంబరు 21న న్యూయార్కు వరల్డు అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో మొదటి గళ్ళ పజిలు వేసినాడు. ఆయన ఇంగ్లండులోని లివర్‌పూలు నుంచి వలసపోయినవాడు. ఆ తరువాత మాటలను మెలిపెట్టే రకాన్ని పెంచి పోషించింది ఇంగ్లండు పత్రికలే. అక్కడి కూర్పరులు పెట్టుకున్న మారుపేర్లు చూస్తే నవ్వు వస్తుంది. టార్క్వెమాదా, జిమెనెస్ అని స్పెయిను దేశపు మత విచారణాధికారుల పేర్లు! పాఠకులను చిత్రహింస పెడతామని ముందే చెప్పినట్టు.

అయితే వీరిలో గురువులు కూడా ఉన్నారని మా సహోదరికి తెలియకపోవచ్చును. ఎ. ఎఫ్. రిచీ అనే ఆయన ఆంగ్లికను గురువు, వెల్స్ కెథీడ్రల్ స్కూలుకు ప్రధానోపాధ్యాయుడు. తన పేరులోని అక్షరాలనే కలిపి 'అఫ్రిట్' అని మారుపేరు పెట్టుకున్నాడు. అరబ్బీ కథల్లో అఫ్రిట్ అంటే భూతం! 1949లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఈ ఆటకు ఒక ధర్మం చెప్పినాడు. దాని సారాంశం ఇది: కూర్చేవాని మాట పైకి చూపే అర్థం అతని ఉద్దేశం కాకపోవచ్చును, కాని అతని ఉద్దేశం మాత్రం ఆ మాటల్లో ఉండి తీరవలెను. అంటే దారి తప్పించవచ్చు గాని అబద్ధమాడకూడదు. జవాబు దొరికిన తరువాత వెనక్కి వచ్చి ఆధారం చదివితే ప్రతి మాటా నిజమై నిలబడవలెను.

ఇంకొకరు జాన్ గ్రాహం. ఈయన తండ్రి బిషపు, ఈయన కూడా గురువే. 1958 నుంచి గార్డియను పత్రికకు క్రాస్‌వర్డులు కూర్చినారు. మారుపేరు అరౌకేరియా. అది ఒక చెట్టు పేరు. ఆ చెట్టు ముళ్ళ కొమ్మలు చూస్తే ఎక్కే దారి కోతికి కూడా తెలియదని ఇంగ్లీషువారు దానికి కోతికి చిక్కుముడి అని ముద్దుపేరు పెట్టినారు. మొదటి వివాహం విఫలమై విడిపోయినందున ఆయన గురుత్వపు ఉద్యోగం పోయింది. అప్పుడు ఈ గళ్ళే ఆయనకు కూడు పెట్టినాయి. క్రిస్మస్ పాట ఒకదాని మొదటి రెండు పాదాలు మొత్తంగా విడదీసి, ఒక్క అక్షరం మిగలకుండా కలిపి, ఇంకొక క్రిస్మస్ పాటలాగా వినబడే వాక్యం కట్టినవాడాయన.

2013 జనవరిలో ఆయన పజిలు ఒకటి వచ్చింది. పై భాగంలో రెండు మూడు మాటల సూచన ఉన్నది. అరౌకేరియాకు ఫలానా అంకె గడిలోనిది వచ్చింది, ఫలానా అంకె గడిలో వచ్చింది, దానికి ఫలానా చికిత్స జరుగుతున్నది అని. పాఠకులు ఎప్పటిలాగే పెన్సిళ్ళు తీసుకొని కూర్చున్నారు. గళ్ళు నిండినాయి. క్యాన్సరు. అన్నవాహిక. నయం చేయుట కాదు, నొప్పి తగ్గించుటకు మాత్రమే చేసే చికిత్స. ఏబై అయిదు ఏండ్లు తనతో ఆడినవారికి తన మరణవార్తను ఆయన ఆ విధంగా, వారి చేతులతోనే వ్రాయించినాడు. అదే ఏడు నవంబరు 26న, 92 ఏండ్ల వయసులో కన్ను మూసినాడు.

ఈ సంగతి మేము అరుగు మీద చదివి వినిపించినప్పుడు పెద్ద సారు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆయన ఏం దాచలేదయ్యా. అందరికన్న ముందు చెప్పవలసినోళ్ళకు చెప్పిండు" అన్నారు.

మా తప్పు సంగతి ఇక్కడే చెప్పవలెను.

2023 క్రిస్మసుకు ముందు యౌవనస్థుల కూడికలో ఒక చిన్న పోటీ పెట్టినాము. గళ్ళు మేమే కూర్చినాము. పెద్ద సారు అప్పుడు హైదరాబాదులో కొడుకు ఇంట్లో ఉన్నందున ఆయనకు వినిపించకుండానే అచ్చు వేయించినాము. ఆధారాల్లో మంచివి కొన్ని ఉన్నాయి, గొప్ప కోసం చెప్పుట లేదు. "అటు దొర్లినా ఇటు దొర్లినా ఒకేలాగా పట్టేది (3)" అన్నదానికి 'కునుకు' అని వ్రాసి పిల్లలు విరగబడి నవ్వినారు. "రోజు వెనక్కి తిరిగితే సినిమావారికి బహుమానం (2)" కూడా బాగానే పేలింది. దినం, నంది. "'దేవా, నమ్మితిని' అన్న మాటలోనే కురిసింది (2)" కొంచెం ఆలస్యంగా తెలిసింది. 'దేవా నమ్మితిని' అని ఏకబిగిన అనండి, మధ్యలో వాన తగులుతుంది. వానకు మొగమువాచిన మా ప్రాంతంలో ఈ ఆధారం పెద్దలకు కూడా నచ్చింది.

మూడు అడ్డం మాత్రం ఇట్లా ఉన్నది:

బడిపిల్లవాని చేతిలోది – తలకిందులు – అడవిలోది (3)

మా మనసులో ఉన్న జవాబు 'కలప'. బడిపిల్లవాని చేతిలోని పలకను తిప్పితే కలప, పలక చట్రం వచ్చింది అడవిలోని కలప నుంచే. ఎంత కుదిరింది అనుకున్నాము! పదో తరగతి చదివే ఒక అమ్మాయి 'పలక' అని వ్రాసింది. తక్కినవన్నీ ఆమెవి సరిగా ఉన్నాయి. కాగితం చేతికిస్తే చూచుకొని, మెల్లగా, "సారు, పలక కూడ అయితది గద?" అన్నది. "ఒక్క గడికి ఒక్కటే జవాబమ్మా" అన్నాము. పెన్ను, పుస్తకం ఇంకొక పిల్లవానికి ఇచ్చినాము. చప్పట్లు కొట్టినారు. ఆ అమ్మాయి కూడా కొట్టింది.

అంతవరకు ఆమె శనివారం శనివారం అరుగు దగ్గరికి వచ్చేది. క్రిస్మసు తరువాత రాలేదు. పరీక్షలు గదా అనుకున్నాము.

లెంటు దినములలో పెద్ద సారు తిరిగి వచ్చినారు. మేము గొప్పగా మా గళ్ళు తీసి నర్సమ్మ చేత చదివించినాము. కునుకుకు నవ్వినారు. వానకు "భేష్" అన్నారు. మూడు అడ్డం చదవగానే చేయెత్తి ఆపి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివింది. "నిలువు మాట దీన్ని ఏ అక్షరం కాడ కోస్తది?" అని అడిగినారు. "నడుమ, 'ల' దగ్గర. నిలువు 'ఆలయం'" అన్నాము.

"మూడక్షరాల మాటను అటు తిప్పినా ఇటు తిప్పినా నడిమి అక్షరం కదలదు. మరి ఆ 'ల' ఏం సాక్ష్యం చెప్తది?"

మాకు చెమట పట్టింది. ఆయన వదలలేదు. "తలకిందులైతే అని రాస్తే పలక బోయి కలప అయితది. తలకిందులైన అని రాస్తే కలప బోయి పలక అయితది. మన భాష అంత సూటిగా చెప్తది, ఒక్క ప్రత్యయం చాలు. నువ్వు ఆ తోక కోసి మొండి మాట నడుమ నిలబెట్టినవ్. రెండు దిక్కులా చెయ్యి చూపే కట్టె అది. ఎవరన్న పలక రాసిండ్రా?"

రాసింది అని చెప్పినాము. ఎవరో కూడా చెప్పినాము. నర్సమ్మ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తోక మేము ఎందుకు కోసినామంటే, గీతలు పెట్టి వ్రాస్తే చూచుటకు అందంగా ఉన్నదని. మరే కారణమూ లేదు.

అఫ్రిట్ ధర్మాన్ని ఈ పేజీలో మేమే ఒకసారి ప్రస్తావించినాము. ఆ ధర్మాన్ని మీరినది మేము. సరే, వెంటనే పోయి చెప్పినామా? లేదు. చిన్న సంగతి, బహుమానం ఇచ్చేసినాము, ఇప్పుడు తిరగతోడితే ఆ పిల్లవానికి కష్టం, పరీక్షలు ముగియనీ. ఇట్లా సాకులు చాలా దొరికినాయి. చివరకు నర్సమ్మ ఒకరోజు ముఖం మీదే అన్నది: "మీకు చిన్నది అన్నా. ఆ పిల్ల సరిగ్గ చెప్పి తప్పు అనిపించుకున్నది." ఆ మాటకు జవాబు లేదు. ఆ వారమే సహోదరి ఉత్తరం కూడా వచ్చింది. మోసమా కాదా అని ఆమె అడుగుతుంటే మేము ఏ మొగంతో వ్రాస్తాము?

అమ్మాయి అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఇంటికి పోయేసరికి తల్లీ, అమ్మమ్మా చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. మమ్మల్ని చూచి లేవబోతే వద్దన్నాము. అమ్మాయి లోపల చదువుకుంటున్నది. ఆమె ముందు, ఆ ఇద్దరి ముందు చెప్పినాము: "అమ్మా, పలక సరియైనదే. ఆధారం మేము తప్పుగా వ్రాసినాము. నీవు అడిగినప్పుడు విననూ లేదు." అమ్మమ్మకు ఏమీ అర్థం కాలేదు. "పలక ఏంది సారు? గిది పదో తరగతి, పలక ఎందుకు?" అన్నది. అమ్మాయి నవ్వాపుకుంది. మేము కొనిపోయిన పెన్ను తీసుకొని, తిప్పి చూచి, ఒక ప్రశ్న అడిగింది.

"ఇంకెవరన్న పలక రాసిండ్రా సారు?"

ఇద్దరు వ్రాసినారు. ఆ సంగతి గుర్తున్నది. ఎవరో గుర్తు లేదు. కాగితాలు క్రిస్మసు తరువాత గది ఊడ్చినప్పుడు పోయినాయి. ఆ మాటే చెప్పినాము. ఆమె మరేమీ అనలేదు. ఈ పేజీ చదువుతున్న వారిలో ఆ ఇద్దరు ఉంటే, లేక వారి తల్లిదండ్రులుంటే, మాకు ఒక కార్డు వ్రాయగలరు. పెన్నులు ఉంచినాము.

సహోదరీ, మీ అబ్బాయి పెన్సిలు లాక్కొనవద్దు. అన్నం మాత్రం ముందు తినమనండి. ఆధారం చదివి అది అబద్ధమాడిందా, దారి తప్పించిందా అని అతన్నే అడగండి. మా కంటె బాగా చెప్పగలడేమో. తప్పు ఉందంటే కూర్చినవారికి వ్రాయమనండి. వ్రాస్తే జవాబివ్వవలసిన బాధ్యత వారిది.

మేము లేచి వస్తుంటే ఆ అమ్మాయి వాకిటి దాకా వచ్చి, నోటుబుక్కులో నుంచి సగం కాగితం చింపి చేతిలో పెట్టింది. క్రిస్మసు సెలవుల్లో తానే కట్టిందట. శనివారం అరుగు దగ్గర చదవమన్నది, తానూ వస్తానన్నది. దానిలో ఒకే ఆధారం ఉన్నది:

తన దిగులులో దాగి పారేది (2)

మాకు బస్టాండు దాకా నడిచిన తరువాత గాని తట్టలేదు. పెద్ద సారుకు చదివి వినిపిస్తే వాక్యం ముగియక ముందే చెప్పినారు. జవాబు వచ్చే నెల.